ఎడమ చివర కూర్చున్నవాడు

1996 జూన్‌లో నన్ను గాజువాక శాఖకు మార్చారు. మాది పోటీ పరీక్షల శిక్షణ సంస్థ. అంతకు ముందు నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన శాఖలో రీజనింగ్ చెప్పేవాణ్ణి. గుమాస్తా ఉద్యోగాల పరీక్షల్లో లెక్కలు, ఇంగ్లీషు, లోకజ్ఞానంతో పాటు ఉండే తర్కం పేపరుకి అందరూ వాడే మాట అది. కాగితం మీద నా హోదా సీనియర్ ఫ్యాకల్టీ. దానివల్ల జీతం పెద్దగా పెరగలేదు గానీ, కొత్త శాఖలో ఏ పాఠం ఎప్పుడు ఎవరు చెప్పాలో నిర్ణయించే అధికారం వచ్చింది. సిమెంటు దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్కపోత. పిల్లలు హారన్లకే ఓటు వేసేవారు.

నాకు పేరు తెచ్చింది మేం ‘వరస ప్రశ్న’ అని పిలుచుకునే రకం. ఆరుగురో ఎనిమిదిమందో ఒక బల్ల మీద కూర్చుని ఉంటారు. ఎవరి పక్కన ఎవరున్నారో ముక్కలు ముక్కలుగా చెబుతారు. ఆ ముక్కల్ని మేం ఆధారాలంటాం. వాటిని బట్టి మొత్తం వరస పేర్చి, కింద ఇచ్చిన నాలుగైదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పద్ధతి ప్రకారం ముందు చోటుకొక గీత చొప్పున గీతలు గీసుకోవాలి. ‘ఫలానావాడు ఎడమ చివర ఉన్నాడు’ వంటి కదలని ఆధారాన్ని మొదట పెట్టాలి. తరువాత ఇద్దర్ని కలిపి చెప్పే జంట ఆధారాలు. ‘వీడు వాడి పక్కన లేడు’ అనే కాదనే ఆధారాల్ని ఆఖరున వాడాలి. ఈ క్రమం తప్పినవాడు చెరిపిన చోటే చెరుపుతూ కూర్చుంటాడు.

ఆ ఏడాది వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పైడిరాజు, రత్నం దంపతులు మా మెట్లెక్కి వచ్చారు. ఆమె ముందు, ఆమె భుజం మీద చెయ్యేసి అతను వెనక. అతనికి ముప్పై లోపు ఉంటాయి. నల్లకళ్ళద్దాలు, ఎడమ చెంప మీద కాలిన మచ్చ. డిగ్రీ ప్యాసై, ఉద్యోగం దొరక్క, ఆటోనగర్‌లో రత్నం అన్నయ్య అప్పన్న నడిపే ఇనప పనుల లేత్ షెడ్డులో చేరాడట. కిందటి ఏడు అక్కడ ప్రమాదం జరిగింది. ఆ సంగతి అతను చెప్పలేదు, రత్నమే చెప్పింది.

“పక్క షెడ్డోళ్ళు పాత డ్రమ్ము గ్యాసుతో కోత్తంటే పేలిపోనాది మేస్టారూ. మావోళ్ళు బయట బల్లమీద కూసుని టీ తాగతన్నారు. మాయన్న అక్కడికక్కడే పోయాడు. ఈయనకి కళ్ళు పోయాయి.”

వాళ్ళది గంగవరం వైపు చేపల వేట చేసుకునే కుటుంబం. రత్నం తండ్రి సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ భయంతోనే తల్లి కొడుకుని పడవ ఎక్కనివ్వకుండా లేత్ పని నేర్పించింది. ఈ మాట కూడా రత్నం మెట్ల దగ్గర నిలబడే, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

ఒక ప్రభుత్వ సంస్థలో గుమాస్తా పోస్టులు పడబోతున్నాయని, వాటిలో చూపులేనివారికి కొన్ని కేటాయిస్తారని వాళ్ళు విన్నారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. అభ్యర్థి వెంట ఒక సహాయకుణ్ణి అనుమతిస్తారు. అతన్ని స్క్రైబ్ అంటారు. ప్రశ్న చదివి వినిపించడం, అభ్యర్థి చెప్పిన జవాబు గుర్తు పెట్టడం అతని పని. స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువుండాలని నిబంధన. రత్నం పదో తరగతి ప్యాసయింది. నిబంధనకి సరిగ్గా సరిపోయింది.

“మిగతావన్నీ విని నేర్సుకుంటాను మేస్టారూ,” అన్నాడు పైడిరాజు. “ఈ వరస లెక్కలే బోర్డు మీద బొమ్మ లేకపోతే అవ్వవని అందరూ అంటన్నారు. నాకు బొమ్మెలా సెప్తారు?”

నాకు తెలియదు. ఆ మాటే చెప్పి, రోజూ క్లాసులయ్యాక ఒక గంట ఉండమన్నాను.

మొదట చింతపిక్కలు పేర్చి చూశాం. చెయ్యి తగిలితే జారిపోయేవి. తరువాత అట్టముక్కకి కన్నాలు పెట్టి గుండీలు దూర్చాం. అది పనిచేసింది గానీ, పరీక్ష హాల్లోకి అటువంటివి రానివ్వరు. చివరికి వేళ్ళకు వచ్చాం. రెండు చేతులూ బల్ల మీద బోర్లించి, బొటనవేళ్ళు వదిలేస్తే ఎనిమిది చోట్లు. ఎడమ చిటికెన వేలు ఎడమ చివర, కుడి చిటికెన వేలు కుడి చివర. పేరు ఖాయమైన వేలిని బల్లకి గట్టిగా నొక్కి ఉంచేవాడు. ఖాయం కానివి కొద్దిగా పైకి లేచి ఉండేవి. చూసేవాళ్ళకి అతను హార్మోనియం దగ్గర కూర్చుని వాయించడం మర్చిపోయినట్టు ఉండేది.

చూపున్న పిల్లలకి ఈ రకంలో పెద్ద చిక్కు కుడి ఎడమలు. కాగితం మీది మనుషులు దక్షిణం వైపు చూస్తున్నారంటే వాళ్ళ ఎడమ మన కుడి అవుతుంది. అక్కడ సగంమంది తప్పుతారు. పైడిరాజుకి ఆ ఇబ్బంది రాలేదు. అతను వాళ్ళని బయటినుంచి చూడడం లేదు కదా. తనూ వాళ్ళతో ఒక బల్ల మీద కూర్చునేవాడు. అందరూ ఒకే వైపు చూస్తున్నంతవరకు వాళ్ళ ఎడమే అతని ఎడమ.

రత్నానికి వేరే శిక్షణ ఇవ్వాల్సి వచ్చింది. స్క్రైబ్ ప్రశ్నని ఎన్నిసార్లయినా చదవొచ్చు, వివరించకూడదు. ముఖ్యమైన ఆధారం దగ్గర ఆమె గొంతు తనకు తెలియకుండానే పెరిగేది. పర్యవేక్షకుడు అభ్యంతరం చెబితే పేపరే రద్దు కావచ్చు. బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదివినట్టు చదవమన్నాను. కొన్ని వారాలకి పట్టుబడింది. సంక్రాంతి సెలవుల తరువాత నాటికి వాళ్ళిద్దరూ నా రెగ్యులర్ బ్యాచ్‌లో సగంమంది కంటే ముందున్నారు. నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తు వేశారు.

జనవరి నెలాఖరున ఒక సాయంత్రం. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. ఐదుగురు ఒక బల్ల మీద కూర్చున్న మామూలు ప్రశ్న రత్నం చదివింది. అతను ఐదు వేళ్ళూ నొక్కేశాడు. కింది ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతోంది, అతను జవాబులు చెబుతున్నాడు. నాలుగోది ప్రతి పుస్తకంలోనూ ఉండే రకమే. ‘మొదటివాడు, అతని పక్కవాడు స్థానాలు మార్చుకుంటే, ఎడమ చివర ఎవరు ఉంటారు?’

అతను జవాబు చెప్పలేదు. రత్నం నియమం ప్రకారం రెండోసారి చదివింది. మూడోసారీ చదివింది.

“నానే మార్సుకోమన్నాను,” అన్నాడు.

జవాబు తప్పు చెప్పాడనుకుని నేను సరిదిద్దబోయాను. అతను నా వైపు తిరగలేదు. భార్య గొంతు వినిపించిన వైపే మొహం పెట్టి ఉన్నాడు.

“ఆ దినం పక్క షెడ్డు వైపు, ఎడం సివర నాను కూసున్నాను రత్నం. నా పక్కన బావ. బావ అవతల మన షెడ్డు సన్నాసిరావు, ఆడి సేతిలో పేపరుంది. క్రికెట్ స్కోరు నాకు కనపడ్డం లేదు. ‘బావా, నువ్వు ఇటు రా, నాను అటు కూసుంటాను’ అన్నాను. బావ టీ గ్లాసు పట్టుకుని లేసి ఇటొచ్చాడు. అప్పుడే…”

రత్నం పుస్తకం మూసింది. అతని చెయ్యి తీసి భుజం మీద వేసుకుని, మామూలుగానే మెట్లు దింపి తీసుకెళ్ళింది. ఇంటికి చేర్చి, వంట చేసి పెట్టి, బట్టలు తీసుకుని గంగవరంలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయిందని మర్నాడు తెలిసింది. ఆ సంగతి చెప్పింది పైడిరాజే. తెలిసిన ఆటో అతను మెట్ల దాకా తెచ్చి దించాడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“ఆస్పత్రిలో కట్లు ఇప్పకముందే సెప్దామనుకున్నాను మేస్టారూ. అప్పటికే ఆవిడ అన్న కోసం ఏడుత్తంది, నా కోసం ఏడుత్తంది. మూడోది ఎలా పెట్టేది?”

ఆ తరువాత క్లాసులయ్యాక అతనికి ప్రశ్నలు నేనే చదివాను. అతని వేళ్ళు పనిచేయడం మానేశాయి. సులువైన వరసల్లో కూడా ఎడమ చివర చోటు ఖాళీగా వదిలేసేవాడు. వేరే స్క్రైబ్‌ని చూద్దామంటే ఒప్పుకోలేదు. పరీక్షకి రెండు నెలలు కూడా లేవు.

ఫిబ్రవరిలో రత్నం ఒక్కతే వచ్చింది. క్లాసు జరుగుతుంటే వసారాలో నిలబడింది. నేను బయటికి వచ్చి కూర్చోమన్నాను, కూర్చోలేదు.

“మీరు లెక్క కట్టి సెప్పండి మేస్టారూ. ఎవులు ఎక్కడ కూసున్నారో, ఎవులు మారారో మీరు తేల్చగలరు గదా. రోజూ అదే పని గదా మీది.”

“అది పుస్తకంలో లెక్కమ్మా. ఇది వేరు,” అన్నాను.

“ఏటి వేరు? అక్కడా బల్లే, ఇక్కడా బల్లే.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మా యమ్మ ఆయన పేరు ఎత్తనివ్వట్లేదు. నా కొడుకుని సంపినోడు అంటంది. నాను ఆలోసిత్తన్నాను. అలా మారకపోతే మాయన్న బతికేవోడు, ఈయన పోయేవోడు. మారారు గాబట్టి మాయన్న పోయాడు, ఈయన ఉన్నాడు. నాను ఏది కోరుకోవాల మేస్టారూ? ఏది కోరుకున్నా ఒకర్ని సంపినట్టే గదా.”

ఎవరు లేవమన్నారో తెలిస్తే తనకి ఏదో ఒక దారి దొరుకుతుందని ఆమె నమ్మింది. కనుక్కుంటానని చెప్పాను.

బల్ల మీద ఆ రోజు నలుగురున్నారు. అప్పన్న లేడు. పైడిరాజు మాట విన్నాం. మిగిలింది ఇద్దరు. లేత్ మీద పనిచేసిన సన్నాసిరావు, షెడ్డుకి వచ్చే తలుపులకీ గేట్లకీ రంగులు వేసిన కరీం.

ముందు సన్నాసిరావు దగ్గరికి వెళ్ళాను. ఆటోనగర్‌లోనే వేరే షెడ్డులో ఉన్నాడు. మిషను ఆపి, చేతులు పాతగుడ్డకి తుడుచుకుని, నన్ను రోడ్డు మీదికి తీసుకొచ్చాడు. అతను చెప్పిన దాంట్లో తడబాటు లేదు.

“ఎవులూ మారలేదండి. వచ్చినప్పట్నించీ సివర అప్పన్నే కూసున్నాడు. తరవాత పైడిరాజు, తరవాత నాను, ఆ సివర కరీం. పైడిరాజు తలకి దెబ్బ తగిలి ఆస్పత్రిలో చాలా దినాలు ఏటేటో మాటాడాడు. నన్ను పట్టుకుని బావా అనీవోడు. ఆ గందరగోళంలో పుట్టిందే ఇది.”

ఆ సమయంలో మీరు పేపరు చదువుతున్నారా అని అడిగాను. చదువుతున్నానన్నాడు. పక్కన మనుషులు లేచి మారితే పేపరు చదివేవాడు గమనిస్తాడా అన్నాను. అతను కొంచెం ఆలోచించాడు. “గమనించకపోవచ్చు,” అని ఒప్పుకున్నాడు. “కానీ మారలేదండి.”

కరీం ఇల్లు వన్ టౌన్‌లో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సిన సందులో. ప్రమాదం తరువాత ఆటోనగర్ మానేసి ఇంటి ముందే ఇనపపెట్టెలకి రంగులు వేస్తున్నాడు. ఒక చెవి వినపడదు. రెండో చెవి వైపు కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. టీ గ్లాసు తను ముట్టుకోలేదు.

“నేను ఆ చివర ఉన్నాను సార్. మొహం వాళ్ళవైపే. అంతా చూశాను,” అన్నాడు. “పైడిరాజు అడగలేదు. వాడు స్కోరు కోసం మెడ సాగదీస్తుంటే అప్పన్నే లేచాడు. ‘ఇలా రా బావా, మెడ ఇరిగిపోద్ది’ అని నవ్వుతా లేచాడు. తనే జరిగాడు సార్. ఖుదా సాక్షి.”

ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో ఉన్న కుంచె పెట్టె మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ తిరిగింది. నేను వచ్చిన పని ముందే చెప్పి ఉన్నాను. రత్నం పుట్టింటికి వెళ్ళిపోయిందని కూడా చెప్పాను.

తిరిగి వచ్చే బస్సులో మూడు మాటలూ కాగితం లేకుండానే పేర్చి చూశాను. ప్రమాదం జరిగిన క్షణానికి ఎవరెక్కడ ఉన్నారన్నది ముగ్గురూ ఒకటే చెప్పారు. ఎడమ చివర అప్పన్న. అంతకు ముందు వరస ఏమిటన్న దగ్గరే తేడా. ఒకరు మారమన్నానన్నారు, ఒకరు తనే మారాడన్నారు, ఒకరు అసలు మారలేదన్నారు. ఒకటి నిజమైతే మిగతా రెండూ పోతాయి. ఏది తీసెయ్యాలో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. తలకి దెబ్బ తగిలినవాడు, పేపరు చదువుతున్నవాడు, జాలిపడ్డవాడు. మా పేపర్లలో ఇటువంటి చోట ఆఖరి ఐచ్ఛికం ఒకటి ఇస్తారు, ‘ఇచ్చిన సమాచారం చాలదు’ అని. దాన్ని గుర్తు పెట్టి తరువాతి ప్రశ్నకి వెళ్ళిపోవడం మా అలవాటు.

కరీం మాట ఒక్కటే రత్నానికి చెబితే సరిపోతుందన్న ఆలోచన నాకు వచ్చింది. అన్న ఇష్టంగా లేచాడు, భర్త తప్పు లేదు. ఆమె ఇంటికి తిరిగి వెళ్ళొచ్చు. మా ఇంట్లో కూడా అదే సలహా ఇచ్చారు. చాలా ఆలోచించాను. నాకు మూడు ఆధారాలు దొరికితే రెండు దాచి ఒకటి చెప్పే అధికారం ఎవరూ ఇవ్వలేదనిపించింది. గంగవరం వెళ్ళాను.

ఇంటి ముందు వలలు ఆరేసి ఉన్నాయి. రత్నం తల్లి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. రత్నం అరుగు మీద కూర్చుని విన్నది. సన్నాసిరావు మాట, కరీం మాట, రెండూ విన్నవి విన్నట్టు చెప్పాను. భర్త మాట ఆమె ముందే విన్నది. ఏది నిజమో నేను తేల్చలేనని కూడా చెప్పాను.

రత్నం అంది: “కరీం బాయి మంచోడు మేస్టారూ. మంచోళ్ళు అలాగే సెప్తారు.”

“అబద్ధం అంటావా?”

“నాకేటి తెలుసు. అన్న అలాగే లేసీవోడు, అది నిజమే. ఎవులైనా అడక్కముందే లేసీవోడు.” కళ్ళు తుడుచుకుని, “అయితే తేలదన్నమాట,” అంది.

“తేలదమ్మా.”

“తేలదని తెలిసింది గదా. అది తెలీక కూసున్నాను ఇన్నాళ్ళూ.”

అది ఊరటో నిరాశో ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను. బస్సు స్టాపు దాకా వచ్చి, పరీక్ష ఏ తేదీయో, హాలు టికెట్టు వచ్చిందో లేదో అడిగి వెనక్కి వెళ్ళిపోయింది.

పరీక్ష నాడు నేను కేంద్రానికి వెళ్ళాను. చూపులేని అభ్యర్థుల్ని, వాళ్ళ స్క్రైబ్‌లని విడిగా ఒక గదిలో కూర్చోబెడతారు. పైడిరాజు ఆటో దిగి గేటు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి పంపడం మొదలైంది. రత్నం రోడ్డు దాటి వచ్చింది. పలకరింపు లేదు. “పద మావా,” అని అతని చెయ్యి తీసి భుజం మీద వేసుకుంది.

ఆ పేపర్లో వరస ప్రశ్న వచ్చింది. స్థానాలు మార్చుకుంటే ఎవరుంటారన్న ప్రశ్న కూడా వచ్చింది. బయటికి వచ్చాక పైడిరాజు చెప్పాడు. “ఒక్కసారే సదివింది మేస్టారూ. బస్సు బోర్డు సదివినట్టే సదివింది. నాను సెయ్యి తీసేయబోతే బల్లకేసి నొక్కి పట్టుకుంది. జవాబు సెప్పాను.” రత్నం మాకు కొంచెం దూరంలో నిలబడి ఆటో పిలుస్తోంది.

ఉద్యోగం వచ్చింది. నగరంలోనే పోస్టింగు ఇచ్చారు. ఆమె అతనితోనే కాపురం చేసింది. తల్లి ఆ గుమ్మం తొక్కలేదు, కూతురే పండగకీ జబ్బుకీ గంగవరం వెళ్ళొచ్చేది. ఉదయం బస్సెక్కించడం, సాయంత్రం స్టాపు దగ్గర ఎదురుచూడటం నేను చాలాసార్లు చూశాను. అతని భుజాల దగ్గర చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ నలగకుండా ఉండేది. కానీ ఆ పరీక్ష తరువాత ఆమె అతనికి ఏదీ చదివి వినిపించలేదని పైడిరాజు ఒకసారి చెప్పాడు. పేపరు, ఉత్తరం, ఏదైనా పక్కింటివాళ్ళే. అడగాలనిపించలేదట. బల్ల సంగతి ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

2006లో అతనికి మూత్రపిండాలు చెడిపోయాయి. కొంతకాలం డయాలసిస్ మీద లాగాడు. నేను ఆస్పత్రికి వెళ్ళినప్పుడు చెయ్యి పట్టుకుని, ఇంకా వరస ప్రశ్నలు చెబుతున్నారా అని అడిగాడు. చెబుతున్నానన్నాను. అది మా ఆఖరి మాట.

కర్మకాండలు అయిపోయిన కొన్నాళ్ళకి రత్నం మా శాఖకి వచ్చింది. భర్త పనిచేసిన ఆఫీసులోనే ఆమెకి అటెండర్ ఉద్యోగం ఇస్తామన్నారు, దానికి కావలసిన సర్టిఫికెట్ల గురించి అడగడానికి. ఆ పని అయ్యాక కూడా లేవలేదు. ఈసారి నేను చెప్పకుండానే కూర్చుంది.

“సివర్లో మళ్ళీ అదే అడిగాడు మేస్టారూ. జొరం, స్పృహ ఒకసారి ఉంటది, ఒకసారి ఉండదు. ‘రత్నం, నానే మార్సుకోమన్నానా? బావ నన్నేటైనా అన్నాడా?’ అని. పిల్లోడిలాగ అడుగుతాడు, మరిసిపోతాడు, మళ్ళీ అడుగుతాడు.”

నేను చేతిలోని కలం మూసి బల్ల మీద పెట్టాను.

“సన్నాసిరావు సెప్పిన మాట సెప్పాను. ఎవులూ మారలేదు మావా, వచ్చినప్పట్నించీ సివర అన్నే కూసున్నాడు, నీకు దెబ్బ తగిలి అలా అనిపించింది అన్నాను. నిజమా అన్నాడు. మేస్టారు తేల్చారు అన్నాను.” నా వైపు చూసింది. “మీ పేరు వాడుకున్నాను. తప్పయితే సెప్పండి.”

“తప్పు కాదమ్మా. అతను నమ్మాడా?”

“తల ఊపాడు. మళ్ళీ అడగలేదు.”

“నువ్వు ఏది నమ్మావు?” అని అడిగాను. అడగవలసింది కాదేమో.

“నానా?” కాగితాలు సంచిలో సర్దుకుంటూ అంది. “నానెప్పుడూ ఆయన సెప్పిందే నమ్మాను మేస్టారూ. ఆయన అబద్ధం ఆడడు.”

నేను 2009లో పదవీ విరమణ చేశాను. రత్నం వచ్చి వెళ్ళినప్పటినుంచి అప్పటిదాకా వరస ప్రశ్న చెప్పేటప్పుడు పిల్లలకి ఒక సంగతి విడమరిచి చెప్పేవాణ్ణి. పుస్తకంలోని ప్రశ్న తయారుచేసినవాడు, ఎక్కడో ఒక సరైన వరస ఉందని ముందే హామీ ఇచ్చి మన చేతికి ఇస్తాడు. మనుషులు తెచ్చే ప్రశ్నకి ఆ హామీ ఉండదు. అటువంటిది చేతికి వస్తే మన వృత్తి చేయగలిగింది తక్కువ. దొరికిన ఆధారాలన్నీ, ఒక్కటి కూడా దాచకుండా, అడిగినవాళ్ళకి అప్పగించాలి. వాటిలో ఏది తాము ఉంచుకోవాలో, ఏది ఇంకొకరికి ఇవ్వాలో వాళ్ళు నిర్ణయించుకుంటారు.